లోహాన్ని అతికే వెలుగు

అతుకు అనే మాటకు మన భాషలో గొప్ప గౌరవం లేదు. ‘అతుకుల బొంత’ అన్నా, ‘చెప్పిన మాట అతకలేదు’ అన్నా అందులో నింద తప్ప మెప్పు లేదు. అయినా ఒక వస్తువు మరొకదానిలో చక్కగా ఇమిడినప్పుడు ‘అతికినట్టు సరిపోయింది’ అని మెచ్చుకొనేదీ ఆ మాటతోనే. ఉర్దూలో ‘టాంకా’ అంటే దర్జీ వేసే కుట్టూ అదే, లోహానికి వేసే అతుకూ అదే. మన కంసాలి వాడే ‘టంకం’ను దాని పక్కన నిలబెడితే తోబుట్టువు వలె వినిపిస్తుంది. బట్టకు దారం కావాలి, బంగారానికి టంకం కావాలి. నడుమ మూడవ పదార్థమేదీ లేకుండా, కేవలం వెలుగుతో రెండు ఉక్కు ముక్కలను ఒకటి చేయవచ్చునంటే మన పూర్వులు దానిని ఇంద్రజాలమనే అనుకొని ఉండేవారు. నేడు అది కర్మాగారాలలో నిత్యకృత్యం. దానినే లేజర్ వెల్డింగు అంటున్నాము.

సాహిత్యం బోధించే మేము ఈ విషయాన్ని చేపట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. కారణం లేకపోలేదు. మా తరగతులలో కూర్చొనే విద్యార్థులలో పలువురి తండ్రులూ అన్నలూ వెల్డింగు దుకాణాలలోనో, లేతు యంత్రాల వద్దనో, లారీలకు బాడీలు కట్టే షెడ్లలోనో పనిచేసేవారే. సెలవులలో విద్యార్థులు కూడ అక్కడ చేయి కలుపుతారు. గత కొద్ది సంవత్సరాలుగా ఆ దుకాణాలకు చేతితో పట్టుకొని వాడే లేజర్ వెల్డింగు యంత్రం వస్తున్నది. ఒక్క రోజులో నేర్చుకోవచ్చుననీ, పాత పనితనంతో ఇక అవసరం లేదనీ దానిని అమ్మేవారు చెప్పుతున్నారు. ఈ మాటలో సగం నిజం. మిగిలిన సగం ఎక్కడ ఉన్నదో గ్రహించాలంటే ఆ వెలుగు లోహంలో ఏమి చేస్తుందో తెలియాలి. మా ఉద్దేశంలో లేజర్ పనితనాన్ని తొలగించలేదు, దాని చోటు మార్చినది. చేతిలోని నేర్పు చాలవరకు అతుకుకు ముందు చేసే ఏర్పాటులోనికీ, అతుకు పిదప చేసే పరీక్షలోనికీ పోయినది.

పాత పద్ధతులను ఒకసారి తలచుకొందాము. కమ్మరి రెండు ఇనుప ముక్కలను కొలిమిలో తెల్లగా కాచి, దాగలిపై ఉంచి, సమ్మెటతో కొట్టి ఒకటి చేసేవాడు. వంతెనలకూ ఓడలకూ రివెట్లు వచ్చినవి. 1880ల దశకంలో విద్యుత్ ఆర్క్‌తో లోహాన్ని కరిగించి అతికే పద్ధతి రూపుదిద్దుకొన్నది. నేడు వీధి చివర నీలి మెరుపులు చిమ్మే వెల్డింగు ఆ వంశానిదే. ఆర్క్ వెల్డింగులో వేడి అతుకు రేఖ వద్ద ఆగక చుట్టుపక్కలంతా పాకుతుంది. పలుచని రేకు మెలిక తిరుగుతుంది, రంగు మారుతుంది. కాని ఆ వెడల్పైన కరుగులోనే ఒక సౌలభ్యమూ ఉన్నది. ముక్కల మధ్య సందు ఉంటే వెల్డరు రాడ్‌ను కొంచెం ఊపి, కొంచెం నిలిపి, కరిగిన లోహంతో ఆ సందును పూడుస్తాడు. కొలతలో జరిగిన లోపాన్ని చేయి సర్దుతుంది. పాఠకులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెనని కోరుతున్నాము. ముందు దీనితో పని ఉన్నది.

లేజర్ కథకు మూలం 1917లో వెలువడిన ఐన్‌స్టైన్ పరిశోధన పత్రం. శక్తి నిండి ఉన్న పరమాణువు మీదికి తగిన కాంతికణం ఒకటి వచ్చినచో, ఆ పరమాణువు తన శక్తిని మరొక కాంతికణంగా విడిచిపెడుతుందనీ, ఆ రెండవది మొదటిదానితో సమానమైన శక్తి కలిగి దాని దారినే పోతుందనీ అందులోని సారాంశం. ఒకటి రెండై, రెండు నాలుగై, ఒకే బాటన నడిచే కాంతి పెరుగుతూ పోతుంది. దీనికి ఉత్తేజిత ఉద్గారమని పేరు. 1954లో అమెరికాలో చార్లెస్ టౌన్స్ బృందం దీనిని సూక్ష్మతరంగాలతో సాధించినది. 1960 మే 16వ తేదీన కాలిఫోర్నియాలోని హ్యూస్ పరిశోధనాలయంలో థియొడోర్ మైమన్ ఒక చిన్న కృత్రిమ కెంపు కడ్డీని, ఫొటోలు తీయడానికి వాడే రకపు మెలికల ఫ్లాష్ దీపం నడుమ ఉంచి తొలి లేజర్ కిరణాన్ని వెలువరించినాడు. పరిశ్రమకు కావలసిన బలమైన కిరణానికి 1964లో దారి తెరచినవాడు మన దేశంలో పుట్టినవాడే: మహారాష్ట్రలోని బారామతిలో జన్మించి, పూనా ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో చేరిన కుమార్ పటేల్. ఆయన రూపొందించిన కార్బన్ డయాక్సైడ్ లేజర్‌లో, మనం ఊపిరితో బయటకు విడిచే వాయువే ఉక్కును కోసే వెలుగుకు పుట్టిల్లు అయినది. అదే ఏట అదే పరిశోధనాలయంలో నియోడిమియం కలిపిన ‘యాగ్’ అనే స్ఫటికపు లేజర్ కూడ సిద్ధమైనది. కొన్ని దశాబ్దాలపాటు కర్మాగారాలలో ఈ రెండింటిదే రాజ్యం. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఇటెర్బియం అనే మూలకాన్ని కలిపిన సన్నని గాజు తంతువులో పుట్టే ఫైబర్ లేజర్. దీపాలతో ఉత్తేజపరచే పాత యాగ్ యంత్రం తాను తీసుకొన్న విద్యుత్తులో నూటికి రెండు మూడు వంతులు మాత్రమే కిరణంగా ఇచ్చేది. ఫైబర్ లేజర్ ముప్పై వంతులకు పైగా ఇస్తుంది. వృథా అయ్యే వేడి తగ్గేసరికి దానిని చల్లార్చే సామగ్రి కూడ తగ్గినది. గది నిండ ఉండే యంత్రం చక్రాల పెట్టె అంత అయి చిన్న దుకాణానికి చేరడానికి ఇదే ముఖ్య కారణం.

ఇక ఈ కిరణానికి అంత శక్తి ఎక్కడిది? వేయి వాట్ల లేజర్ అంటే పెద్దగా వినిపిస్తుంది గాని, మన ఇండ్లలోని ఇస్త్రీ పెట్టె కూడ సుమారు వేయి వాట్లదే. ఇస్త్రీ పెట్టె ఆ వేయి వాట్లను అరచేతికంటె పెద్ద పలక మీద పరచుతుంది గనుక చొక్కా ముడతలు మాత్రమే పోతాయి. లేజర్ కిరణాన్ని కటకంతో మిల్లీమీటరులో అయిదవ వంతు వ్యాసం గల చుక్కగా కుదించినామనుకొందాము. లెక్క వేసి చూస్తే ఆ చుక్క మీద చదరపు సెంటీమీటరుకు ముప్పై లక్షల వాట్లకు పైగా పడుతున్నట్లు. నడి వేసవి మధ్యాహ్నపు ఎండ చదరపు సెంటీమీటరుకు వాటులో పదవ వంతు మాత్రమే. భూతద్దంతో ఆ ఎండనే కుదించి కాగితం కాల్చిన బాల్యం అందరికీ ఉన్నదే. అయితే భూతద్దం ఎంత మంచిదైనా సూర్యబింబాన్ని ఒక హద్దు దాటి చిన్నది చేయలేదు. సూర్యకాంతి పలు దిక్కులుగా, పలు రంగులుగా వస్తుంది. లేజర్ కిరణం ఒకే రంగుతో, దాదాపు ఒకే దిక్కుగా నడుస్తుంది గనుక దానిని వెంట్రుక మందానికి దగ్గరగా కూడ కుదించవచ్చు. శక్తి మొత్తం కంటె ఈ కుదింపే లేజర్ వెల్డింగుకు ప్రాణం.

ఇట్టి సాంద్రత వద్ద లోహపు ప్రవర్తనే మారిపోతుంది. సాంద్రత తక్కువగా ఉన్నంతవరకు ఉక్కు పైపైన కరుగుతుంది. వేడి లోపలికి మెల్లగా దిగుతుంది. అతుకును అడ్డంగా కోసి చూస్తే చిప్ప ఆకారంలో, వెడల్పు ఎక్కువై లోతు తక్కువై ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు సుమారు పది లక్షల వాట్లు దాటగానే ఇనుము కరగడంతో ఆగదు, ఆవిరవుతుంది. ఇనుము 1538 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది, 2860 డిగ్రీల ప్రాంతంలో మరుగుతుంది. ఆ ఆవిరి పైకి దూకుతూ, దూకిన బలంతో కింది ద్రవాన్ని అదిమి గుంట చేస్తుంది. ఆ గుంటలోనికి కిరణం దిగుతుంది. అడుగున మరింత ఆవిరి, మరింత లోతు. రెప్పపాటు కంటె ఎంతో తక్కువ కాలంలో లోహం నడుమ సన్నని నిలువు బావి ఏర్పడుతుంది. ఇంజనీర్లు దీనిని ‘కీహోల్’ అంటారు. మాట ప్రకారం తాళపుచెవి రంధ్రమని అర్థం.

ఈ బావికి రాతి వరలు లేవు. దాని గోడ ద్రవలోహం. ఆ ద్రవపు తలతన్యత బావిని మూసివేయాలని చూస్తుంది, ఆవిరి ఒత్తిడి తెరచి ఉంచాలని చూస్తుంది. ఈ రెండింటి పెనుగులాట సమంగా ఉన్నంతసేపు బావి నిలుస్తుంది. కిరణం ముందుకు జరిగేకొద్దీ ముందరి గోడ కరుగుతుంది. కరిగినది రెండు పక్కల నుండి వెనుకకు ప్రవహించి, బావి విడిచిన తావును నింపి గడ్డకడుతుంది. నిలిచిన నీటిలో వేలు ముంచి ముందుకు నడిపితే నీరు వేలికి ఇరుపక్కలా పారి వెనుక కలుసుకొనడం వంటిదే ఇది. వేలి స్థానంలో వెలుగు, నీటి స్థానంలో ఉక్కు. ఇట్లా వచ్చే అతుకు వెడల్పు కంటె లోతు అనేక రెట్లు ఉండవచ్చు. కొయ్యలో దిగిన మేకు వలె సన్నగా నిలువుగా ఉంటుంది. చుట్టుపక్కల లోహానికి వేడి సోకే లోపలే కిరణం సాగిపోతుంది గనుక రేకు మెలిక తిరగడం చాల తక్కువ. నిమిషానికి కొన్ని మీటర్ల వేగంతో అతకడం ఇప్పుడు సాధారణం.

ఈ బావి మరొక ఉపకారం చేస్తుంది. చల్లని ఉక్కు తనపై పడిన ఫైబర్ లేజర్ కాంతిలో మూడవ వంతు ప్రాంతం మాత్రమే లోనికి తీసుకొని, మిగిలినదానిని అద్దం వలె తిప్పికొడుతుంది. బావిలో పడిన కాంతికి మాత్రం తప్పించుకొనే దారి కష్టం. ఒక గోడ తిప్పికొడితే ఎదుటి గోడకు తగులుతుంది, తగిలినప్పుడల్లా కొంత ఇంకిపోతుంది. చివరకు వచ్చిన కాంతిలో పదింట ఎనిమిది పాళ్ళ వరకు లోహానికే దక్కవచ్చు.

అన్ని లోహాలూ ఉక్కు వంటివి కావు. రాగిని తీసుకొందాము. ఫైబర్ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 1070 నానోమీటర్లు. అది కంటికి కనిపించని పరారుణ కాంతి. గట్టి రాగి ఆ కాంతిలో నూటికి అయిదు వంతులు కూడ తీసుకొనదు. బలవంతంగా శక్తి పెంచితే, కరిగిన క్షణంలో రాగి ఒక్కసారిగా ఎక్కువ కాంతిని మింగి తుంపరలుగా చిమ్ముతుంది. దీనికి విరుగుడు ఎక్కడ ఉన్నదో మన వంటింటి రాగి చెంబే చెప్పుతుంది. అది ఎర్రగా ఎందుకు కనిపిస్తున్నది? ఎరుపును తిప్పికొట్టి, నీలాన్నీ ఆకుపచ్చనూ తనలో ఇముడ్చుకొంటున్నది గనుక. అంటే రాగికి నీలి కాంతి రుచించినంతగా పరారుణ కాంతి రుచించదు. 450 నానోమీటర్ల నీలి కాంతిలో దాదాపు సగాన్ని రాగి స్వీకరిస్తుంది. ఈ సూత్రాన్ని పట్టుకొని గత దశాబ్దంలో నీలి, ఆకుపచ్చ లేజర్లు పరిశ్రమకు వచ్చినవి. విద్యుత్ వాహనాల బ్యాటరీలలో రాగి, అల్యూమినియం పట్టీలకు వేసే అతుకులు ఎన్నో ఉంటాయి. అందులో ఒక్కటి సరిగా పట్టకపోయినా అక్కడ విద్యుత్ నిరోధం పెరిగి వేడి పుడుతుంది. కనుక రాగి చెంబు రంగు నేడు పెద్ద పరిశ్రమకు సంబంధించిన సమస్య.

లేజర్ అతుకు ఎంత సున్నితమైన పనికి తగునో తెలియాలంటే గుండెకు అమర్చే పేస్‌మేకర్‌ను చూడాలి. దాని తొడుగు అర మిల్లీమీటరు కంటె పలుచని టైటానియం రేకు. రెండు చిప్పలను ఎదురెదురుగా చేర్చి అంచు వెంట అతకాలి. టైటానియం 1668 డిగ్రీల వద్ద గాని కరగదు. లోపల కొద్దిపాటి దూరంలోనే లిథియం ఉన్న బ్యాటరీ, సూక్ష్మమైన విద్యుత్ పరికరాలు ఉంటాయి. లిథియం 180 డిగ్రీలకే కరిగే లోహం. ఆర్క్‌తో ఈ పని ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. లేజర్‌ను నిరంతర కిరణంగా కాక, క్షణంలో వేయింట కొన్ని వంతులు మాత్రమే ఉండే తుంపులుగా విడుస్తారు. ఒక చుక్క గడ్డకట్టిన తరువాత దానిపై సగం కప్పుతూ మరొక చుక్క, చేప పొలుసుల వరుస వలె. వేడి టైటానియం గాలిలోని ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పీల్చుకొని పెళుసవుతుంది గనుక పనంతా ఆర్గాన్ వంటి జడవాయువు నడుమ జరుగుతుంది. అతుకు వెండి వలె తెల్లగా మెరిస్తే మంచిది. గడ్డి రంగు దాటి నీలానికి తిరిగితే గాలి సోకినదని అర్థం. ఆ తరువాత హీలియం వాయువుతో, ఎక్కడైనా కంటికి కనపడని చిల్లు ఉన్నదేమో పరీక్షిస్తారు. రోగి శరీరంలో సంవత్సరాల తరబడి ఉండవలసిన వస్తువుకు ఇంత జాగ్రత్త న్యాయమే.

మోటారు పరిశ్రమ కథ వేరు. 1985లో జర్మనీలో ఆడీ 100 కారు నేల భాగానికి కావలసినంత వెడల్పైన ఉక్కు రేకు దొరకక, తిస్సెన్ ఉక్కు సంస్థ రెండు రేకులను లేజర్‌తో అంచుకు అంచు అతికి ఇచ్చినది. అవసరం కొద్దీ చేసిన ఈ పని ఒక కొత్త ఆలోచనకు దారి తీసినది. రెండు రేకులూ ఒకే మందం ఎందుకు ఉండాలి? కారు తలుపులో కీళ్ళు బిగించే వైపు మందపు రేకు, మిగిలిన వైపు పలుచని రేకు ముందుగానే అతికి, ఆపైన అచ్చులో నొక్కితే బరువు తగ్గుతుంది, బలం తగ్గదు. వీటికి ‘టైలర్డ్ బ్లాంక్’ అని పేరు వచ్చినది, అనగా దర్జీ కొలతకు కుట్టిన రేకు. ఉర్దూలోని టాంకా పరిశ్రమలో మరల దర్జీ ఇంటికే చేరినట్లున్నది! 2003లో వచ్చిన అయిదవ తరం ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కారులో లేజర్ అతుకుల పొడవు సుమారు 70 మీటర్లు. ఇప్పుడు తయారీలో లేని ఏర్‌బస్ ఎ318 విమానంలో, పొట్ట భాగపు అల్యూమినియం పలకలకు నిలువు పట్టీలను రివెట్లతో కాక లేజర్‌తో అతికినారు. పట్టీకి ఇరువైపుల నుండి రెండు కిరణాలు ఒకేసారి నడుస్తాయి. రివెట్ లేదు గనుక రంధ్రం లేదు, రంధ్రాన్ని మూసే లేపనం లేదు, ఆ మేరకు బరువూ లేదు.

ఇంతవరకు చెప్పినది లేజర్ గొప్పతనం. ఇక దాని మొండితనం చెప్పాలి. ఆర్క్ వెల్డరు చేయి సందును పూడుస్తుందన్నాము. లేజర్ సాధారణంగా బయటి నుండి లోహాన్ని కలపదు, ఉన్నదానినే కరిగిస్తుంది. మిల్లీమీటరు మందం గల రెండు రేకులను అంచుకు అంచు చేర్చినప్పుడు సందు మందంలో పదవ వంతు మించరాదని పనివారి లెక్క. అంటే మనం రాసుకొనే కాగితం మందమంత. అంతకు మించితే అతుకు గుంటపడుతుంది. ఇంకా ఎక్కువైతే కిరణం సందులో నుండి నేరుగా దాటిపోతుంది. పైకి గీత పడినట్టే ఉంటుంది, పట్టు ఉండదు. కిరణం అతుకు రేఖ నుండి కొంచెం పక్కకు జరిగినా ఇదే గతి. కనుకనే కర్మాగారంలో లేజర్ కంటె ముందు రేకును నిక్కచ్చిగా కోయాలి, అంచు గరకు తీయాలి, నూనెనూ తుప్పునూ తుడవాలి, జిగ్గులలో బిగించాలి. నూనె ఉంటే అది ఆవిరై అతుకులో బుడగలుగా మిగులుతుంది. అల్యూమినియం మీద తేమ ఉంటే దాని నుండి వచ్చే హైడ్రోజన్ అదే పని చేస్తుంది. కిరణాన్ని చిన్న వలయాలుగా ఊపడం, సన్నని తీగను కరిగించి కలపడం వంటి ఉపాయాలు ఈ మొండితనాన్ని కొంత తగ్గించినవి గాని పోగొట్టలేదు.

సందు ఉండరాదని చెప్పిన వెంటనే సందు ఉండాలని చెప్పవలసిన చోటు కూడ ఒకటి ఉన్నది. తుప్పు పట్టకుండ జింకు పూత పూసిన రేకులను ఒకదానిపై ఒకటి ఉంచి అతికేటప్పుడు ఈ చిక్కు వస్తుంది. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఉక్కు అప్పటికి ఇంకా ఎర్రగా కాగుతున్నదే గాని కరగలేదు. ఉక్కు కరిగే సమయానికి రెండు రేకుల నడుమ చిక్కిన జింకు ఆవిరికి కరిగిన లోహం తప్ప మరొక దారి ఉండదు. దానిని చీల్చుకొని బయటకు దూకుతుంది, అతుకు నిండ తూట్లు మిగులుతాయి. అందుకని రేకు మీద ముందుగానే చిన్న చిన్న బుడిపెలు లేపి, రెంటి నడుమ మిల్లీమీటరులో పదవ వంతు, రెండు పదవ వంతులు ఎడం ఉంచుతారు. ఆవిరి పక్క నుండి పోతుంది. ఈ బుడిపె ఎంత ఎత్తు ఉండాలో నిర్ణయించడం ఏ యంత్రమూ తనంతట తాను చేసే పని కాదు. లోహాల స్వభావం తెలిసిన మనిషి చేసే పని.

వేగానికి కూడ మూల్యం ఉన్నది. సన్నని అతుకు చుట్టూ చల్లని లోహం విస్తారంగా ఉంటుంది గనుక అది వేడిని ఒక్కసారిగా లాగివేస్తుంది. కమ్మరి ఎర్రని కత్తిని నీటిలో ముంచి గట్టిపరచినట్లే అవుతుంది. మెత్తని ఉక్కుకు ఇది పెద్ద బాధ కాదు. కార్బన్ నూటికి 0.3 దాటిన ఉక్కులో మాత్రం అతుకు గాజు వలె గట్టిబడి పగులుతుంది. దానిని ముందుగా వేడిచేయడం, తరువాత నెమ్మదిగా చల్లార్చడం కావాలి. కొన్ని అల్యూమినియం మిశ్రమాలు గడ్డకట్టే సమయంలోనే చీలుతాయి. సిలికాన్ ఎక్కువగా గల తీగను కలిపితే చీలిక తగ్గుతుంది. ఇవన్నీ పైకి కనిపించవు. మెరిసే అతుకు అడుగున ఏమున్నదో తెలుసుకొనడానికి మార్గం ఒక నమూనాను అడ్డంగా కోసి, నునుపుచేసి, పలుచని ఆమ్లంతో తడిపి చూడడమే. అప్పుడు కరిగిన భాగం మేకు ఆకారంలో వేరుగా కనిపిస్తుంది. కింది రేకులోనికి దిగినదో లేదో కంటితో తెలుస్తుంది. హైదరాబాదు బాలాపూర్‌లోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన సంస్థలో లేజర్‌తో పదార్థాలను మలచే పనికి ప్రత్యేకమైన కేంద్రమే ఉన్నది. ఇండోర్‌లో 1984లో మొదలై, నేడు రాజా రామన్న పేరు వహించిన కేంద్రం లేజర్ యంత్రాలనే నిర్మిస్తున్నది. చిన్న దుకాణంలో అంతటి సామగ్రి ఉండదు నిజమే. కాని రంపం, ఆకురాయి, ఉప్పుకాగితం ఉన్నవి. కొత్త పనికి ముందు ఒక ముక్క కోసి చూడడానికి అవి చాలును.

ఇప్పుడు ఆ చేతి యంత్రం సంగతి. స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగులు, గేట్లు, వంటశాల బల్లలు చేసే చోట అది నిజంగా ఉపకారి. తుపాకి వంటి పరికరాన్ని అతుకు వెంట లాగితే చాలు, గీత చక్కగా పడుతుంది. పలుచని రేకు మెలిక తిరగదు, పిదప మెరుగుపెట్టే పనీ తగ్గుతుంది. టిగ్ వెల్డింగులో చేయి కుదరడానికి నెలలు పట్టేది, ఇందులో త్వరగా కుదురుతుంది. అమ్మేవారి మాటలో నిజమైన సగం ఇదే. అయితే దాని సాధారణ శక్తి 1000 నుండి 2000 వాట్ల వరకు. లేజర్ భద్రతా నియమాల ప్రకారం అర వాటు దాటిన నిరంతర కిరణమంతా నాలుగవ తరగతిలో, అనగా అత్యంత ప్రమాదకరమైన తరగతిలో చేరుతుంది. 1500 వాట్లలో నూటికి ఒక్క వంతు మెరిసే స్టీలు నుండి పక్కకు మళ్ళినా అది 15 వాట్లు.

ఆర్క్ వెల్డరుకు కంటి బాధ కొత్త కాదు. నల్ల అద్దం లేకుండా మెరుపు చూస్తే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతాయి. అది అతినీలలోహిత కాంతి కంటి పైపొరను కాల్చిన ఫలితం. సాధారణంగా ఒకటి రెండు రోజులలో మానుతుంది. అందుచేత మన దుకాణాలలో కంటి మంటను జలుబు వలె తేలికగా తీసుకొనే అలవాటు ఉన్నది. లేజర్ విషయంలో ఈ అలవాటే శత్రువు. 1070 నానోమీటర్ల కాంతి కంటి పైపొరను దాటి లోపలికి పోతుంది. కంటిలోని కటకం తన ధర్మం తప్పక, దానిని నేత్రపటలంపై సూదిమొనంత చుక్కగా కుదిస్తుంది. ఆ కుదింపులో సాంద్రత సుమారు లక్ష రెట్లు పెరగవచ్చు. అది కనిపించని కాంతి గనుక రెప్ప మూతపడదు. నేత్రపటలానికి నొప్పి తెలియదు. అక్కడ కాలిన చోట చూపు మరల రాదు. చదవడానికి వాడే చూపు నేత్రపటలం నడిమి చుక్కదే.

ఆర్క్ వెల్డింగుకు వాడే నల్ల అద్దం ఈ కిరణానికి సరియైన రక్షణ కాదు. అది ఎంత నల్లగా ఉన్నా దానిని పరీక్షించి ధ్రువీకరించినది మరొక కాంతి కొరకు. మరొక సంగతి మరింత ముఖ్యం. మన వెల్డింగు దుకాణాలు వీధికి తెరచి ఉంటాయి. బడికి పోయే పిల్లలు నిలబడి చూస్తారు. ఆర్క్ వెలుగు దూరంతో పాటు త్వరగా బలహీనపడుతుంది. లేజర్ నుండి పరావర్తనం చెందిన కిరణం అంత త్వరగా పలుచబడదు, పక్క దుకాణం వరకూ పోవచ్చు. యంత్రాన్ని వాడేవానికి మాత్రమే కళ్ళద్దాలు ఉంటే సగం జాగ్రత్త కూడ కాదు. నాలుగు వైపులా లోహపు తడకనో, ఆ కాంతిని ఆపే తెరనో కట్టిన గది, తలుపు తీయగానే కిరణం ఆగిపోయే ఏర్పాటు, లోపల ఉన్న ప్రతివారికీ కళ్ళద్దాలు కావాలి. తుపాకి ముక్కు పనిముక్కను తాకితే తప్ప కిరణం రాకుండ చాల యంత్రాలలో ఒక విద్యుత్ వలయం ఉంటుంది. ఒక తీగ ముక్కతో దానిని దాటవేయడం కష్టం కాదు, తొందర పనిలో ఆ ప్రలోభం కలగడం సహజం. యజమాని స్వయంగా ఆ తీగను చూసినప్పుడు ఊరుకొంటాడా లేదా అన్నదాని మీద పనివాని కన్ను ఆధారపడి ఉన్నది. పొగ సంగతి కూడ మరువరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు ఆవిరిలో క్రోమియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2017లో వెల్డింగు పొగలను మనుషులకు క్యాన్సరు కలిగించేవాటిలో చేర్చినది. మూసిన గదిలో ఆ పొగను బయటకు లాగే పంకా లేనిదే కంటిని కాపాడి ఊపిరితిత్తులను పోగొట్టుకొన్నట్లవుతుంది.

మా విద్యార్థులలో ఎవరైనా వచ్చే సెలవులలో ఆ తుపాకి పట్టుకొనవలసి వస్తే, ముందుగా చేతికి ఇచ్చిన కళ్ళద్దాల అంచును చదవాలి. అక్కడ కొన్ని అంకెలు ముద్రించి ఉంటాయి. కొన్ని తరంగదైర్ఘ్యాన్ని తెలిపేవి. వాటి హద్దులలో 1070 చేరి ఉండాలి. మరొకటి ‘ఓ.డి.’ అనే అక్షరాల పక్కన ఉండే అంకె. ఓ.డి. 6 అంటే వచ్చిన కాంతిలో పది లక్షలలో ఒక వంతు మాత్రమే దాటుతుందని, 7 అంటే కోటిలో ఒక వంతని అర్థం. ఎంత అంకె కావాలో ఆ యంత్రపు శక్తిని బట్టి తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అద్దం ఆకుపచ్చగా ఉన్నదా, నల్లగా ఉన్నదా అన్నది లెక్కలోనికి రాదు. అంచు మీద అంకెలే లేని కళ్ళద్దాలను తిరిగి ఇచ్చివేసి, సరియైనవి వచ్చేవరకు ఆ గది బయటనే ఉండాలి.